ఏడాది ఖాళీగా ఉన్న కెమికల్ ఇంజినీర్

పట్టా చేతికొచ్చి నెలలు గడుస్తున్నా జాబ్ రాలేదా? ఇంట్లో ఎవరూ ఏమీ అనకపోయినా భోజనాల దగ్గర ముద్ద దిగడం లేదా? అయితే 1919లో లాస్ ఏంజెలెస్‌లో అచ్చం మీలాగే ఉన్న ఓ కుర్రాడి గురించి చెప్తా. పేరు ఫ్రాంక్ కాప్రా. క్రిస్మస్ వస్తే చాలు, అమెరికాలో టీవీ ముందు కూర్చుని ఇంటిల్లిపాదీ చూసే ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ తీసింది ఇతనే.

1897లో సిసిలీ దీవిలో పుట్టాడు. ఆరేళ్లప్పుడు ఓడలో అడుగు తరగతి టికెట్‌తో కుటుంబమంతా అమెరికా చేరింది. చిన్నప్పుడు పేపర్లు అమ్మాడు. తర్వాత ఇప్పుడు కాల్‌టెక్ అంటున్న కాలేజీలో కెమికల్ ఇంజినీరింగ్‌లో చేరాడు. ఫీజు కోసం వడ్డన పని చేశాడు, రాత్రుళ్లు క్లబ్బుల్లో బాంజో వాయించాడు. 1918లో డిగ్రీ పూర్తయ్యింది. సైన్యంలో కొన్నాళ్లు లెక్కలు చెప్పి, స్పానిష్ ఫ్లూ సోకడంతో ఇంటికొచ్చేశాడు.

అసలు కష్టం అక్కడ మొదలైంది. అన్నలు, అక్కలు కాలేజీ గడప తొక్కలేదు, అయినా అందరికీ పనులున్నాయి. చదువుకున్న ఒక్కడికే లేదు! బాగా కుంగిపోయాడు. ఆ తర్వాత ఏది దొరికితే అది చేశాడు, ఇంటింటికీ తిరిగి పుస్తకాలూ అమ్మాడు.

శాన్ ఫ్రాన్సిస్కోలో కొత్తగా పెట్టిన చిన్న సినిమా కంపెనీకి వెళ్లి, హాలీవుడ్‌లో అనుభవం ఉందన్నట్టు బిల్డప్ ఇచ్చి, 75 డాలర్లకు ఓ చిన్న సినిమా తీశాడు. (మీరు ట్రై చేయకండి, ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఉంది.) నాకైతే ఆ తర్వాత చేసిందే నచ్చింది. తనకేమీ రాదని తెలిసి ఓ ఫిల్మ్ ల్యాబ్‌లో చేరాడు. రీళ్లు కడగడం, ఆరబెట్టడం, అతికించడం... ఎడిటింగ్ అలా వంటబట్టింది. తర్వాత కామెడీ సినిమాలకు జోకులు రాశాడు, కొలంబియా స్టూడియోలో డైరెక్టరయ్యాడు. టాకీలొచ్చినప్పుడు చాలామంది మైకులు చూసి బెదిరిపోతే, ఇంజినీరింగ్ చదివిన ఇతనికి ఆ టెక్నాలజీ ఈజీగా అర్థమైంది. 1930లలో ఉత్తమ దర్శకుడిగా మూడు ఆస్కార్లు అందుకున్నాడు.

ఇక 1946. మూలకథ రాసిన ఫిలిప్ వాన్ డోరెన్ స్టెర్న్‌కు పబ్లిషర్ దొరకలేదు. సొంతంగా 200 కాపీలు వేయించి క్రిస్మస్ కార్డుల్లా పంచాడు. అది చేతులు మారి కాప్రా దగ్గరికొచ్చింది. హీరో జార్జ్ బెయిలీకి ఊరు వదిలి ప్రపంచం తిరగాలని, వంతెనలు కట్టాలని కోరిక. తండ్రి పోవడంతో ఇళ్ల లోన్లిచ్చే చిన్న ఆఫీసు మీదపడుతుంది. కాలేజీకి దాచుకున్న డబ్బు తమ్ముడి చదువుకిస్తాడు. క్రిస్మస్ ముందురోజు ఆఫీసు డబ్బు 8,000 డాలర్లు పోతాయి. చనిపోవాలని వంతెన ఎక్కితే, తను పుట్టకపోయి ఉంటే ఆ ఊరు ఎలా ఉండేదో ఓ దేవదూత చూపిస్తాడు.

సెంటిమెంట్ కాస్త ఎక్కువే, ఒప్పుకుంటా. కానీ 130 నిమిషాల సినిమాలో చాలా భాగం వాయిదా పడుతూపోయిన కోరికలే. చివర్లో ఊరంతా తలా కొంచెం వేసి డబ్బు తెస్తారు, అంతే. జార్జ్ ఇంజినీర్ కాడు, ఊరూ దాటడు. డబ్బు కాజేసిన విలన్‌కు శిక్ష కూడా పడదు! ఆ బాధల్ని చులకన చేయలేదు కాబట్టే ఇన్నేళ్లయినా సినిమా నిలబడిందని నా లెక్క. ఇంట్లో ఖాళీగా కూర్చోవడమంటే ఏంటో తీసినవాడికి తెలుసు మరి.

షూటింగ్ మండు వేసవిలో జరిగింది. అప్పట్లో మంచు కోసం తెల్లరంగు వేసిన కార్న్‌ఫ్లేక్స్ చల్లేవాళ్లు. నడిస్తే కరకరమని చప్పుడు, డైలాగులు మళ్లీ డబ్బింగ్ చెప్పాల్సొచ్చేది. ఈ టీమ్ మంటలార్పే నురగలో సబ్బు, నీళ్లు కలిపి సౌండ్ లేని మంచు తయారుచేసి, అకాడమీ టెక్నికల్ అవార్డు కొట్టింది.

సినిమా మాత్రం ఆడలేదు. ఐదు ఆస్కార్ నామినేషన్లలో ఒక్కటీ గెలవలేదు, పెట్టిన డబ్బు తిరిగి రాలేదు. మిత్రులతో కలిసి పెట్టిన లిబర్టీ ఫిల్మ్స్‌ని మరుసటి ఏడాదే పారామౌంట్‌కు అమ్మేశారు. 1974లో ఆఫీసు పొరపాటున కాపీరైట్ రెన్యూ కాలేదు. ఫ్రీగా దొరికిందని టీవీ స్టేషన్లు ప్రతి డిసెంబర్‌లో వేసిందే వేశాయి. అప్పుడు హిట్టయింది, 28 ఏళ్లు ఆలస్యంగా!

1991లో 94 ఏళ్ల వయసులో కాప్రా చనిపోయాడు. ఈ డిసెంబర్‌లో చూస్తే బ్లాక్ అండ్ వైట్‌లోనే చూడండి. రంగులద్దిన ప్రింట్ ఆయనకు అస్సలు నచ్చలేదు.