పుట్టింటి ఓటా, మెట్టింటి ఓటా?

నీలం సంజీవరెడ్డి గారి పేరెత్తితే రాష్ట్రపతి అంటారు, ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అంటారు. నాకైతే ముందు గుర్తొచ్చేది ఆయన ఓడిపోయిన ఎన్నిక.

వాన కోసం ఆకాశంకేసి చూసే మా అనంతపురం జిల్లాలో, ఇల్లూరులో 1913లో పుట్టారాయన. 1929 జులైలో గాంధీజీ అనంతపురం వచ్చి వెళ్ళాక ఖద్దరు కట్టారు. 1931లో కాలేజీ చదువు మధ్యలోనే వదిలేసి ఉద్యమంలో దిగారు. 1935లో నాగరత్నమ్మ గారితో పెళ్ళి. ఆ తర్వాత 1940 నుంచి 45 దాకా చాలాకాలం జైలే. ప్రకాశం పంతులు గారు, కామరాజ్, వి.వి.గిరి ఆయనకు జైలు సహచరులు. అన్నేళ్ళు మగమనిషి లేని సంసారాన్ని ఇల్లాలు ఎలా నెట్టుకొచ్చిందో! జీవితచరిత్రలు రాసేవాళ్ళు ఇక్కడ రెండు ముక్కల్లో దాటేస్తారు.

నాగరత్నమ్మ గారి తోబుట్టువు తరిమెల నాగిరెడ్డి. ఆయనా తెల్లవాళ్ళ జైళ్ళు చూసినవాడే, కాకపోతే కమ్యూనిస్టు. స్వరాజ్యం రావాలన్న దాంట్లో బావా బావమరుదులకి పేచీ లేదు. వచ్చిన స్వరాజ్యం ఎవరిదన్న దగ్గరే దారులు చీలాయి.

సంజీవరెడ్డి గారు రాజ్యాంగసభ సభ్యులయ్యారు. 1935 చట్టం కింద ఆస్తో, చదువో ఉన్న కొద్దిమందికే ఓటుండేది. కొత్త రాజ్యాంగం 21 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటిచ్చింది. శనక్కాయలు వలిచే కూలి ఆడమనిషికీ, భూస్వామికీ ఒకే ఓటు. కొన్ని దేశాల్లో ఆడవాళ్ళు దశాబ్దాలు కొట్లాడితేగానీ రాలేదది.

ఆ హక్కుతో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో, 1952లో, మద్రాసు శాసనసభకు అనంతపురంలో ఎదురెదురు నిలబడింది ఎవరనుకున్నారు? ఈ బావా బావమరుదులే. సంజీవరెడ్డి గారు అప్పటికే మంత్రిగా చేసినవారు. నాగిరెడ్డి జైల్లో ఉన్నారు. జైల్లో ఉన్నవాడే గెలిచాడు! రాజ్యాంగం రాసిన సభలో కూర్చున్న మనిషిని, ఆ రాజ్యాంగమిచ్చిన ఓటే ఓడించింది. నాగరత్నమ్మ గారి మనసు ఏ వైపు మొగ్గిందో మరి. ఓటు రహస్యం కదా, అడక్కూడదు.

తర్వాత 1956లో ముఖ్యమంత్రి కావడం, ఢిల్లీలో పార్టీ అధ్యక్ష పదవి, అవన్నీ తెలిసినవే. 1964లో బస్సు రూట్ల జాతీయకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యలకే ముఖ్యమంత్రి పదవి వదిలేశారు. దిగిపొమ్మని కోర్టు ఆదేశించలేదు. 1967లో లోక్‌సభ స్పీకర్ కాగానే పార్టీ సభ్యత్వానికి రాజీనామా చేశారు. ఈ రెండు పనులకీ ఆయన్ని మెచ్చుకుంటాను.

1969 మళ్ళీ విచిత్రమైన ఏడాది. రాష్ట్రపతి పదవికి పోటీచేసి, ఒకప్పటి జైలు సహచరుడు వి.వి.గిరి చేతిలో ఓడి, అనంతపురం వచ్చి సేద్యం చూసుకున్నారు. అదే ఏడు నాగిరెడ్డి, అసెంబ్లీతో పేదలకు ఒరిగేదేం లేదని శాసనసభ్యత్వం వదిలేశారు. ఓడినా ఓటుని నమ్మినవాడొకరు, గెలిచినా నమ్మకం పోయినవాడొకరు. మా జిల్లా కరువు చూస్తుంటే నాగిరెడ్డి కోపం నాకు అర్థమవుతుంది. అయినా కూలి ఆడమనిషి చేతిలో ఓటు కన్నా వేరే ఆయుధమేదో నాకైతే తోచదు.

ఎమర్జెన్సీ వచ్చింది. 1976 జులై 28న నాగిరెడ్డి అజ్ఞాతంలోనే కన్నుమూశారు. 1977 ఎన్నికల్లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌వి. జనతాకి దక్కిన ఆ ఒక్కటీ నంద్యాల, సంజీవరెడ్డి గారిది. మళ్ళీ స్పీకరై, నాలుగు నెలలు తిరక్కుండానే పోటీ లేకుండా రాష్ట్రపతయ్యారు. 1979లో లోక్‌సభను రద్దు చేసినప్పుడు జగ్జీవన్‌రామ్‌కి అవకాశం ఇవ్వలేదన్న విమర్శ ఆయన్ని వదల్లేదు, అది న్యాయమైన విమర్శేనని నా అభిప్రాయం. 1982లో పదవి దిగి మళ్ళీ అనంతపురం చేరారు. 1996లో బెంగుళూరులో పోయారు.

ఆయన రాష్ట్రపతిగా ప్రమాణం చేసింది 1977 జులై 25న. నాగరత్నమ్మ గారి తోబుట్టువు సంవత్సరీకానికి ఇంకా 3 రోజులుంది.