లక్ష్మీబాయి తిలక్: జ్ఞాపకములలో దొరికిన స్వస్థత

మరాఠీ క్రైస్తవ సంఘములలో నారాయణ వామన తిలక్ పేరు సుపరిచితము. ఆ భక్తకవి కీర్తనలు నేటికిని అచ్చటి ఆరాధనలలో వినబడుచున్నవి. స్వరాజ్యోద్యమ నాయకుడగు బాలగంగాధర తిలక్ వేరు, ఈయన వేరు. ఈ కవి భార్యయగు లక్ష్మీబాయి ఏ పాఠశాలలోను చదువుకొనలేదు. మన భాషలో ఒత్తులవంటివైన మరాఠీ జోడాక్షరములు ఆమెను జీవితాంతము చిక్కుపెట్టెను. అయినను ఆమె వ్రాసిన స్వీయచరిత్ర, "స్మృతిచిత్రే", మరాఠీ వాఙ్మయమందలి ఉత్తమ గ్రంథములలో నొకటిగా ఎంచబడుచున్నది. ఆ గ్రంథము ఆమెకు కీర్తి తెచ్చెను. అయితే దానిని వ్రాయుచున్నప్పుడు ఆమెకు లభించిన మేలు కీర్తికంటె గొప్పది.

ఆమె 1868లో నాసిక్ సమీపమందలి జలాల్‌పూర్ గ్రామమున, గోఖలే అను బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. పుట్టింటి పేరు మనకర్ణిక. ఆమె పుట్టుటకు పదకొండేండ్లకు ముందే ఆ యింటిపై ఒక చీకటి క్రమ్మియుండెను. 1857 తిరుగుబాటు కాలమున ఆమె మాతామహుని ఉరితీసిరి. ఆ దెబ్బకు ఆమె తండ్రి మనస్సు చెదరి, మైలను గూర్చిన భయము ఆయనను పట్టుకొనెను. బయటినుండి వచ్చిన ప్రతి వస్తువును కడుగవలెను. ఎవరు ఎవరిని తాకినను స్నానము చేయవలెను. ఆ యింటి ఆడువారి దినములు కడుగుటతోనే గడచిపోయెను. ఏది తాకవచ్చునో, ఏది తాకరాదో యని బెదరుచు ఆ బిడ్డ పెరిగెను. అయితే ఆ బెదురు మధ్యనే నవ్వదగినదానిని చూచి నవ్వుటయు ఆమెకు అలవడెను.

1880లో, ఇంకను బాల్యము వీడకముందే, నారాయణ వామన తిలక్‌తో ఆమెకు వివాహమాయెను. అత్తవారు ఆమెకు లక్ష్మి అని పేరు పెట్టిరి. భర్త కవి, పండితుడు, దయార్ద్రహృదయుడు. కాని కోపిష్ఠి, చేతిలో డబ్బు నిలుపుకొనజాలనివాడు. ఒక ఊరిలో కుదురుకొనకమునుపే మరియొక ఊరికి ప్రయాణము కట్టువాడు. ఆమె అనేక పర్యాయములు పుట్టింటివారి, బంధువుల యిండ్లలో కాలము గడపవలసివచ్చెను. కన్నబిడ్డలలో కొందరిని పసితనముననే మట్టికి అప్పగించెను. ఆ సంసారమున ఆమెకు దక్కిన ఒక మేలు, భర్త ఆమెకు అక్షరములు నేర్పుట. నేర్పువాడు ఓపికలేనివాడు, నేర్చునది సంసారభారముతో సతమతమగునది. అందుచేత ఆ చదువు అంతంతమాత్రముగనే సాగెను.

1893లో రైలు ప్రయాణమున ఒక తెల్లవాడు తిలక్‌కు క్రొత్తనిబంధన నిచ్చెను. అందలి కొండమీది ప్రసంగము ఆయన హృదయమును పట్టివేసెను. 1895 ఫిబ్రవరి 10న ఆయన బొంబాయిలో బాప్తిస్మము పొందెను. భార్యకు ముందుగా తెలుపలేదు. ఆ వార్త ఆమెకు పిడుగుపాటాయెను. ఆనాటి బ్రాహ్మణ సమాజమున అట్టి భార్య స్థితి దుర్భరము. భర్త బ్రదికియున్నాడు, కాని అతనితో కాపురము చేయ వీలులేదు. నాలుగేండ్లవయస్సుగల కుమారుడు దత్తును పెట్టుకొని ఆమె బంధువుల మధ్య ఏండ్ల తరబడి కృశించెను. ఒక ఆత్మ ప్రభువును కనుగొన్న దినము మరియొక ఆత్మకు గాయమైన దినమాయెను. భక్తుల చరిత్రలు చెప్పువారు ఇట్టి సంగతిని ఒక వాక్యములో దాటిపోవుదురు. లక్ష్మీబాయి దానిని దాటిపోలేదు.

కొంతకాలమునకు ఆమె అహ్మద్‌నగర్‌లోనున్న భర్త యొద్దకు చేరెను. తిలక్ ఆమెను బలవంతపెట్టలేదు. ఆమె తన ఆచారములను, వంటను వేరుగా జరుపుకొనుచుండెను. ఆమెను వాదములో ఎవరును గెలువలేదు. కులభేదము దేవుని సృష్టియా, మనుష్యుల కల్పనయా అను ప్రశ్న ఆమెలోనే పుట్టెను, జవాబును ఆమెలోనే దొరికెను. మనుష్యులే దానిని కల్పించిరని తోచిన పిమ్మట, తండ్రియింట నేర్చిన మైలభయము ఆమెను విడిచెను. 1900లో ఆమె తన స్వంత నిశ్చయముతో బాప్తిస్మము పొందెను. ఆ కాలపు ఘోరమైన కరువులో దిక్కులేనివారైన పిల్లలను ఆ దంపతులు ఇంట చేర్చుకొని సాకిరి. ఎవరిని తాకినను మైలపడుదుమని పెరిగిన ఆమె, ఆ పిల్లలకు తన చేతులతో అన్నము పెట్టెను.

1919 మే 9న తిలక్ బొంబాయిలో పరమపదించెను. క్రీస్తు చరితమును మరాఠీలో మహాకావ్యముగా కూర్చుటకు పూనుకొని ఆయన ఆరంభించిన "క్రిస్తాయనము" మొదటి అధ్యాయములతోనే నిలిచిపోయెను. జోడాక్షరములు సరిగా వ్రాయలేని ఆ విధవరాలు ఆ కావ్యమును చేతబట్టి, అరువదికి పైబడిన అధ్యాయములు కూర్చి ముగించెను. ఇది పతిభక్తియని లోకము మెచ్చుకొనెను. కాని అంతటి దీర్ఘ కావ్యమును నడిపించుటకు భక్తి యొక్కటియే చాలదు. చెప్పవలసిన మాటలు ఆమెలో చిరకాలముగా పోగుపడి యుండెననుట స్పష్టము.

ఆ మాటలకు అసలైన ద్వారము మరియొక రీతిగా తెరువబడెను. కుమారుడు దేవదత్తుడు, చిన్ననాటి దత్తు, తండ్రి జీవితచరిత్ర వ్రాయదలచి, తల్లి జ్ఞాపకములను వ్రాసి యిమ్మని కోరెను. భర్తను గూర్చి వ్రాయుటకు ఆమె కూర్చుండెను. వ్రాయగా వ్రాయగా తన్ను తాను కనుగొనెను. ఆయన ప్రయాణములను వ్రాయబోగా, ఇంట ఎదురుచూచిన స్త్రీ కనబడెను. ఆయన బాప్తిస్మమును వ్రాయబోగా, తన కన్నీరు కనబడెను. గౌరవనీయుడైన భక్తుని భార్య ఇట్టివి వ్రాయవచ్చునా? మరుగుపరచిన అది అసత్యమగును. పగతో వ్రాసిన అదియు అసత్యమే. ఆమె ఉన్నదున్నట్లు చెప్పెను. భర్త కోపమును, దాతృత్వమును, మతిమరపును ప్రక్కప్రక్కనే నిలిపెను. తన మొండితనమును, అజ్ఞానమును సైతము విడువక చెప్పి, తన్ను చూచి తానే నవ్వుకొనెను. తండ్రి మైలభయమును వర్ణించునప్పుడు పాఠకునికి నవ్వు వచ్చును. ఆ నవ్వు ముగియకమునుపే ఆయనపై జాలి కలుగును. పండితుల భాషను అరువు తెచ్చుకొనక, వంటయింట మాటలాడు మాటలనే ఆమె వాడెను.

బాధలో మునిగియున్నవానికి బాధ తప్ప వేరేమియు కనబడదు. దానిని కాగితముపై పెట్టినప్పుడు దానికి ఆదియు అంతమును ఏర్పడును, చూచువానికిని దానికిని మధ్య కొంత ఎడము ఏర్పడును. లక్ష్మీబాయి పోగొట్టుకొనిన బిడ్డలు తిరిగి రాలేదు. విడిచిపెట్టబడిన సంవత్సరములును తిరిగి రాలేదు. కాని ఆ సంవత్సరములు ఇక ఆమెను ఏలలేదు. తాను బ్రదుకంతయు ఒకరి కుమార్తెగా, ఒకరి భార్యగా, ఒకరి తల్లిగా నడచితిననుకొనిన ఆమె, దేవుడు ప్రత్యేకముగా చేయిపట్టి నడిపించిన ఒక ఆత్మగా తన్ను తాను చూచుకొనగలిగెను. కీర్తనకారులును తమ మొరలను దేవుని యెదుట మరుగుపరచక కుమ్మరించిరి. మొరతో ఆరంభమైన కీర్తనలు అనేకములు స్తుతితో ముగిసెను. సత్యముగా చెప్పబడిన దుఃఖమునకు దేవుని సన్నిధిలో అట్టి దారి యున్నది.

"స్మృతిచిత్రే" 1934 మొదలుకొని నాలుగు భాగములుగా వెలువడెను. చివరి భాగమును ఆమె చూడలేదు. 1936 ఫిబ్రవరి 24న ఆమె నాసిక్‌లో కన్నుమూసెను. తరువాత ఆ గ్రంథము ఇంగ్లీషులోనికి పలుమారులు అనువదింపబడెను.

వ్రాయుటకు తగినంత చదువు లేదనియు, తమ బ్రదుకులో చెప్పదగినదేదియు లేదనియు తలంచి, గుండెలోని భారమును గుండెలోనే అణచుకొను తల్లులు మన సంఘములలో అనేకులున్నారు. అట్టి తల్లి చేతికి ఎవరైన ఒక నోటుపుస్తకము నిచ్చి, దేవదత్తుడు అడిగినట్లు అడిగిన మేలు. అక్షరదోషములు దిద్దుటకు పిల్లలును మనుమలును ఉందురు. ఆమె నడచిన దారిని చెప్పగలది మాత్రము ఆమెయే.