రవీంద్రుని తుదినాళ్ల కవిత

వృద్ధుల ధైర్యమును యువకవులు ఊహించి వ్రాయుట సాహిత్యమున కలదు. 'యులిసీస్' ఖండికను రచించునాటికి టెన్నిసన్ వయస్సు 24 ఏండ్లే. రవీంద్రనాథ ఠాకూరు మార్గము వేఱు. ఆతడు ఎనుబదవ యేట, మంచము విడువలేని స్థితిలో, తాననుభవించుచున్న దానినే కవితావస్తువుగా గ్రహించెను.

1861 మే 7వ తేదీన కలకత్తాలోని జోడాసాంకో గృహమున జన్మించిన రవీంద్రుని పూర్వజీవితము సుప్రసిద్ధము. ఇచట గమనింపదగినది డెబ్బదియేండ్లకు చేరువైన పిమ్మటి కాలము. చిత్రలేఖనమునకు ఆతడు గట్టిగా పూనుకొనినది అప్పుడే. 1930లో పారిసున ఆ చిత్రముల ప్రదర్శన జరిగెను. 1932లో 'పునశ్చ'తో వచనకవితను చేపట్టెను. 1933 డిసెంబరులో ఆంధ్ర విశ్వవిద్యాలయమున మానవుని గూర్చి ఉపన్యసించెను. 1936లో విశ్వభారతికి ధనము కూర్చుటకై 'చిత్రాంగద' నృత్యబృందముతో ఉత్తరభారతమున తిరుగుచుండగా, ఆ వయస్సున కవికి ఈ ప్రయాస తగదని గాంధీమహాత్ముడు 60,000 రూపాయలు సమకూర్చి పంపెను.

1937 సెప్టెంబరులో ఆతడు హఠాత్తుగా స్పృహ కోల్పోయెను. కోలుకొని వ్రాసినది 'ప్రాంతిక్'. మృత్యువు అంచును చూచివచ్చినవాని అనుభవము అందు కలదు. భాష మాత్రము ఇంకను బరువైనదే. 1940 సెప్టెంబరులో కాలింపాంగున మరల జబ్బుపడగా కలకత్తాకు తరలించిరి. ఆ పిదప వెలువడిన 'రోగశయ్యాయ్', 'ఆరోగ్య', 'జన్మదినే' సంపుటములలోని పెక్కు ఖండికలను కవి చెప్పుచుండగా పరిచారకులు వ్రాసికొనిరి.

'గీతాంజలి'లో మృత్యువు ప్రియాతిథి. ఈ ఖండికలలో బాధ బాధయే. దానిని అలంకరించు యత్నము తగ్గినది. నిద్రలేని రాత్రి గడచిన పిదప కిటికీకడ వ్రాలిన పిచ్చుకయే ఒకచోట ధైర్యమునకు గురువు. ఈ నిరాడంబరతను శక్తిహీనతగా భావించుట పొరపాటు. 'జన్మదినే'లోని 'ఐకతాన్' చాలును దీనికి సాక్ష్యము. లోకవిఖ్యాతుడైన కవి తన గానము శ్రమజీవుల యిండ్లలోనికి ప్రవేశింపలేదని ఒప్పుకొని, ఆ పనిని చేయగల మఱొక కవికై ఎదురుచూచెను. మరణమును ఎదుర్కొనుటకంటె ఇది కష్టతరమైన సాహసము.

1941 మే నెలలో, సత్యము కఠినమని తెలిసియే దానిని ప్రేమించితినని మఱొక ఖండికలో ప్రకటించెను. శస్త్రచికిత్స విషయమున వైద్యులలో ఏకాభిప్రాయము లేదు. కవికిని అది యిష్టము కాదు. ఐనను అంగీకరించెను. జూలై 27వ తేదీనాటి ఖండికలో జీవుని స్వరూపమును గూర్చిన ప్రశ్న కలదు, సమాధానము లేదు. తత్త్వచింతనలో జీవితము గడపినవాడు ఆ ప్రశ్నను అట్లే విడిచిపెట్టుట గమనార్హము.

జూలై 30వ తేదీ ఉదయమున, శస్త్రచికిత్సకు కొంత ముందుగా, రాణీ చందాకు తుది ఖండికను చెప్పి వ్రాయించెను. తరువాత సవరింపవచ్చునని తలచెను. ఆగస్టు 7వ తేదీన జోడాసాంకో గృహముననే కన్నుమూసెను. ఆ ఖండిక సవరణ లేకయే 'శేష్ లేఖా'లో అచ్చయ్యెను.