మరుగునపడిన కౌబాయ్ వీరుడు బిల్ పికెట్

కౌబాయ్ అనగానే మనకు 1971లో వచ్చిన కృష్ణ గారి ‘మోసగాళ్ళకు మోసగాడు’ గుర్తుకొస్తుంది. ఆ టోపీ, ఆ గుర్రం, ఆ తుపాకీ పాశ్చాత్య సినిమాల నుండి వచ్చినవే. అమెరికా మూకీ సినిమాల్లో కౌబాయ్ హీరో అంటే దాదాపుగా తెల్లవాడే. కానీ నిజంగా పశువులను తోలిన కౌబాయ్‌లలో నల్లజాతివారు ఎందరో ఉన్నారు. వారిలో ఒకరు బిల్ పికెట్.

పికెట్ 1870 డిసెంబరు 5న టెక్సాస్ రాష్ట్రంలో జన్మించాడు. తల్లిదండ్రులు బానిసత్వం నుండి బయటపడినవారు. పదమూడుమంది పిల్లల్లో ఆయన రెండవవాడు. ఐదవ తరగతితో చదువు ఆగిపోయింది. పశువుల దగ్గర పనికి కుదిరాడు. మాట వినని ఎద్దును బుల్‌డాగ్ జాతి కుక్క పెదవి కరిచి పట్టి కదలకుండా నిలబెట్టడం చూశాడు. కుక్కకు సాధ్యమైనది మనిషికి ఎందుకు సాధ్యం కాదని సాధన చేశాడు. గుర్రం మీద నుండి పరుగెత్తే ఎద్దు మీదికి దూకి, కొమ్ములు పట్టి మెడ తిప్పి, దాని పెదవిని పళ్ళతో కరిచి నేల కూల్చేవాడు. ఈ విద్యకే బుల్‌డాగింగ్ అని పేరు.

1905లో ఓక్లహామాలోని 101 రాంచ్ ప్రదర్శనలో ఈ విద్య చూపి పేరు పొందాడు. ఆ బృందంతో విదేశాలు కూడా తిరిగాడు. అయితే చాలా పోటీల్లో నల్లవారికి ప్రవేశం ఉండేది కాదు. అలాంటి చోట్ల ఆయనను రెడ్ ఇండియన్ అని చెప్పి దింపేవారు. వారికి విద్య కావాలి, మనిషి మాత్రం అక్కరలేదు!

అదే రాంచ్‌లో పనిచేసిన టామ్ మిక్స్ అనే తెల్లజాతి యువకుడు మూకీ సినిమాల్లో పెద్ద కౌబాయ్ హీరో అయ్యాడు. పికెట్‌కు ఆ భాగ్యం దక్కలేదు. రిచర్డ్ నార్మన్ అనే నిర్మాత నల్లజాతి ప్రేక్షకుల కోసం నల్లజాతి నటులతో సినిమాలు తీసేవాడు. ఆయన 1921-22లలో పికెట్‌తో ‘ది బుల్‌డాగర్’ తీశాడు. ‘ది క్రిమ్సన్ స్కల్’లోనూ నటింపజేశాడు. ‘ది బుల్‌డాగర్’లో డూపు లేడు. యాభై దాటిన వయసులో పికెట్ తన విద్యను తానే చేసి చూపాడు. ఆ సినిమా ఇప్పుడు ముక్కలుగా మాత్రమే మిగిలింది.

గుర్రం తలమీద తన్నడంతో గాయపడి 1932 ఏప్రిల్ 2న ఆయన కన్నుమూశాడు. 1971లో అమెరికా జాతీయ రోడియో వీరుల జాబితాలో చోటు పొందిన తొలి నల్లజాతీయుడయ్యాడు. 1994లో విడుదల చేసేందుకు అమెరికా తపాలా శాఖ ఆయన స్టాంపు అచ్చువేసింది. తీరా చూస్తే దానిమీద ఉన్నది సోదరుడు బెన్ పికెట్ ముఖం! ఆ స్టాంపులను వెనక్కి తీసుకుని, అదే ఏడాది సరైన ముఖంతో మళ్ళీ విడుదల చేశారు.

మిత్రులారా! పళ్ళతో కరవడం పోయినా, ఎద్దును కూల్చే ఆ ఆట నేటికీ రోడియో పోటీల్లో ఉంది. కానీ దాన్ని నేర్పినవాని ముఖం లోకానికి సరిగ్గా తెలియడానికి ఆయన పోయాక అరవై రెండేళ్ళు పట్టింది. మన తాతల చేతుల్లోనూ గొప్ప విద్యలు ఉన్నాయి. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు వారిని అడిగి, వారి పేర్లతో సహా రాసిపెడదాం. ఆ పని మనకోసం మరెవరో చేస్తారని ఎదురుచూడవద్దు.