తన హృదయాన్ని తాను చూడని వైద్యుడు

గుండె నిరంతరం రక్తంతో నిండి ఉంటుంది. అయినా ఆ కండరానికి కావలసిన ప్రాణవాయువు దాని గదులలోని రక్తం నుండి నేరుగా అందదు. మహాధమని మొదట్లోనే పుట్టి, కిరీటంవలె గుండెను చుట్టుకొని ఉండే రెండు సన్నని ధమనులు దానికి రక్తాన్ని చేరుస్తాయి. వాటికి కరోనరీ ధమనులని పేరు. చెరువు గట్టునే పొలం ఉన్నవాడికైనా నీరు పారడానికి కాలువ ఉండవలసిందే. ఆ కాలువ పూడిపోతే చెరువు నిండుగా ఉండి కూడా పైరు ఎండిపోతుంది. ఆ ధమనులున్నాయని పద్దెనిమిదవ శతాబ్దపు వైద్యులకు తెలుసు. అవి పూడుకుపోతే మనిషికి ఏమవుతుందో మాత్రం తెలియదు. దానిని తెలుసుకోవడానికి తగిన నేర్పు, అవకాశం పుష్కలంగా ఉన్న వ్యక్తి లండన్ నగరపు శస్త్రవైద్యుడు జాన్ హంటర్. ఇరవై ఏళ్లపాటు ఆయనను వేధించి, చివరకు ప్రాణం తీసినది కూడా ఆ జబ్బే.

జాన్ హంటర్ 1728 ఫిబ్రవరిలో స్కాట్లండ్ దేశంలో, గ్లాస్గో నగర సమీపంలోని లాంగ్ కాల్డర్‌వుడ్ అనే వ్యవసాయ క్షేత్రంలో జన్మించాడు. పదిమంది సంతానంలో ఆయనే కడపటివాడు. పదమూడేళ్ల వయసులో తండ్రిని పోగొట్టుకున్నాడు. చదువు మీద శ్రద్ధ ఉండేది కాదు. బడికి వెళ్లడం కంటే పొలాల వెంట తిరిగి చీమలను, పక్షులను, కప్పపిల్లలను గమనించడమే ఆయనకు ఇష్టం. ఆ తరువాతి కాలంలో కూడా ఆయన పుస్తకాలలో ఉన్నదానిని కళ్లతో చూసినగాని నమ్మేవాడు కాదు.

ఆయన కంటే పదేళ్లు పెద్దవాడైన అన్న విలియం అప్పటికే లండన్‌లో శరీర నిర్మాణ శాస్త్రాన్ని బోధించే పాఠశాలను నడుపుతున్నాడు. 1748లో జాన్ అన్న దగ్గరకు చేరి, విద్యార్థులకు చూపడానికి శవాలను కోసి సిద్ధం చేసే పనిలో కుదిరాడు. కొద్ది నెలలలోనే ఆ విద్యలో అన్నను మించిపోయాడు. చెసెల్డెన్, పాట్ వంటి ప్రసిద్ధ శస్త్రవైద్యుల వద్ద కూడా శిక్షణ పొందాడు. ఆ రోజులలో శరీర పాఠశాలలకు చట్టబద్ధంగా లభించే దేహాలు బహు తక్కువ. సమాధుల నుండి దొంగిలించి తెచ్చిన శవాలే ఎక్కువగా ఆ బల్లల మీదికి వచ్చేవి. హంటర్ గొప్పతనాన్ని చెప్పుకొనేటప్పుడు ఈ సంగతిని దాచడం న్యాయం కాదు. 1783లో చార్లెస్ బర్న్ అనే మహాకాయుడు తన దేహం వైద్యుల పాలు కాకుండా సముద్రంలో కలపమని కోరి మరణించగా, ఆ కోరికను కాదని హంటర్ అతని అస్థిపంజరాన్ని సంపాదించాడు. దానిని ఇక ప్రదర్శనలో ఉంచబోమని లండన్‌లోని హంటేరియన్ ప్రదర్శనశాలవారు ప్రకటించడానికి 2023 వరకు పట్టింది.

1761లో ఆయన సైన్యంలో శస్త్రవైద్యునిగా బెల్‌ఐల్ దీవికి, తరువాత పోర్చుగల్‌కు వెళ్లాడు. తిరిగివచ్చి లండన్‌లో వృత్తిని ప్రారంభించాడు. 1767లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1768లో సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో శస్త్రవైద్యునిగా నియమితుడయ్యాడు. 1771లో కవయిత్రి ఆన్ హోమ్‌ను వివాహం చేసుకొన్నాడు. తెల్లవారకముందే లేచి శవచ్ఛేదం చేయడం, పగలంతా రోగులను చూడడం, అర్ధరాత్రి దాటేవరకు తన పరిశీలనలను రాయించడం ఆయన దినచర్య. రాత్రి నిద్ర నాలుగు గంటలకు మించేది కాదు. అలసట ఎరుగని మనిషి. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది.

1770లో ఎడ్వర్డ్ జెన్నర్ అనే ఇరవై ఒక్క ఏళ్ల యువకుడు ఆయన ఇంట ఉండి వైద్యం నేర్చుకోవడానికి వచ్చాడు. మశూచికి టీకా కనుగొని లోకప్రసిద్ధుడైన జెన్నర్ ఇతడే. గురుశిష్యుల మధ్య జీవితాంతం నిలిచిన స్నేహం ఏర్పడింది.

అదే కాలంలో విలియం హెబర్డెన్ అనే లండన్ వైద్యుడు ఒక వింత వ్యాధిని వర్ణించాడు. అది వచ్చినవారికి నడుస్తున్నప్పుడు, ముఖ్యంగా ఎత్తు ఎక్కుతున్నప్పుడు, భోజనం చేసిన వెంటనే నడిచినప్పుడు రొమ్ములో ప్రాణం పోతున్నంత బాధ కలుగుతుంది. నిలబడిపోతే ఆ బాధ తగ్గిపోతుంది. హెబర్డెన్ దీనికి యాంజైనా పెక్టోరిస్ అని పేరుపెట్టి 1768లో వైద్యుల సభలో వివరించాడు. 1772లో ఆ వ్యాసం అచ్చయింది. దానిని గురించి చదివిన ఒక అజ్ఞాత వ్యక్తి తనకూ అవే లక్షణాలున్నాయనీ, తాను హఠాత్తుగా మరణిస్తే తన దేహాన్ని కోసి కారణం తెలుసుకోవచ్చుననీ హెబర్డెన్‌కు లేఖ రాశాడు. పేరు మాత్రం రాయలేదు. కొద్ది వారాలలోనే అతడు అన్నట్లే మరణించాడు. హెబర్డెన్ ఆ శవపరీక్షను హంటర్‌కు అప్పగించాడు. జెన్నర్ పక్కనే ఉన్నాడు. గుండెలో చెప్పుకోదగిన దోషమేదీ కనిపించలేదు. అయితే ఆనాడు కరోనరీ ధమనులను ఎవరూ తెరచి చూడలేదు. తనకు తెలియని మనుషుల మేలుకోరి ఒకడు తన దేహాన్నే ఇచ్చిపోయాడు. అసలు కారణం దొరకవలసిన చోటును మాత్రం ఆ చేయితిరిగిన వైద్యుని కత్తి తాకలేదు.

మరుసటి సంవత్సరం, 1773 వసంతకాలంలో, జబ్బు హంటర్ దగ్గరకే వచ్చింది. ఒక ఉదయం ఆయనకు కడుపు పైభాగంలో తీవ్రమైన నొప్పి మొదలైంది. నల్లమందు పుచ్చుకొన్నా తగ్గలేదు. అద్దంలో చూసుకొంటే ముఖం శవంలాగా పాలిపోయి ఉంది. చేతికి నాడి అందలేదు. ఊపిరి దానంతట అది ఆడడం లేదనిపించి, బలవంతంగా శ్వాసను లోపలికి తీసుకొంటూ వదులుతూ గడిపాడు. సుమారు ముప్పావుగంట తరువాత ఆ బాధ శాంతించింది. అంతటి ఆపదలోనూ తన శరీరంలో జరుగుతున్నదానిని ఒక రోగిని చూసినట్లు గమనించి చెప్పగలగడం ఆయనకే చెల్లింది. గుండెజబ్బు నొప్పి రొమ్ములోనే రావాలన్న నియమం లేదని, పొట్ట పైభాగాన, దవడలో, చేతిలో కూడా రావచ్చునని నేడు మనకు తెలుసు. ఆనాడు అది ఉదర సంబంధమైన బాధగానే తోచింది.

1775లో హంటర్ మరొక యాంజైనా రోగి దేహాన్ని పరీక్షించాడు. ఈసారి కరోనరీ ధమనులను చూశాడు. అవి ఎముకలాగా గట్టిపడి ఉన్నాయి. ఆ వివరం మరుసటి ఏడాది అచ్చులోకి కూడా వచ్చింది. అయినా ఆ గట్టిదనమే వ్యాధికి మూలమని ఎవరూ నిర్ధారించలేదు. కళ్ల ముందు ఉన్నది చూడడం వేరు, దాని అర్థం పట్టుకోవడం వేరు.

అర్థం పట్టుకొన్నవాడు జెన్నర్. గ్లోస్టర్‌షైర్‌లోని బర్క్‌లీ అనే చిన్న ఊరిలో వైద్యం చేస్తున్న అతడు యాంజైనాతో మరణించిన ఒక రోగి గుండెను కోస్తుండగా కత్తికి ఏదో గట్టిగా, గరుకుగా తగిలింది. పాత ఇంటి కప్పు నుండి సున్నపు పెళ్ల రాలిపడిందేమోనని తలెత్తి చూశాడు. కప్పు నుండి ఏమీ పడలేదు. కరోనరీ ధమనులే ఎముక గొట్టాలుగా మారి ఉన్నాయి. హృచ్ఛూలకు ఇదే మూలమని అతడికి అనుమానం కలిగింది. 1777లో అనారోగ్యంతో బాత్ నగరంలోని వేడినీటి ఊటల వద్ద విశ్రాంతికి వచ్చిన హంటర్‌ను చూడగానే అతడి మనసు కలతపడింది. గురువుకు వచ్చినదీ అదే జబ్బు.

జెన్నర్ హెబర్డెన్‌ను ఉద్దేశించి ఒక లేఖ రాశాడు. గురువు వ్యాధి ఏమిటో, దానికి కారణం ఏమై ఉండవచ్చునో అందులో వివరించాడు. ఈ విషయం హంటర్‌కు తెలిస్తే, ఇక తనకు నివారణ లేదని గ్రహించి కుంగిపోతాడని అతడి భయం. అందుచేత గురువు బతికి ఉన్నంతకాలం తన అభిప్రాయాన్ని ప్రచురించలేదు. ఒక సత్యాన్ని కనుగొన్నవాడు పేరు రాగల అవకాశాన్ని వదులుకొని, ఏళ్ల తరబడి మౌనం వహించడం సామాన్యమైన సంగతి కాదు. అయితే ఆ మౌనం వల్ల ఇతర వైద్యులకు ఆ కారణం తెలియడం ఆలస్యమైందన్నదీ నిజమే. గురువుకు చెప్పి ఉంటే వైద్యచరిత్ర వేరుగా ఉండేదేమో, లేక ఒక మనిషి మనశ్శాంతి మాత్రమే పోయి ఉండేదో ఎవరూ తేల్చలేరు. ఆ బాధను తగ్గించే ఔషధమేదీ ఆనాటి వైద్యుల చేతిలో లేదు. ఎమైల్ నైట్రైట్ 1867లో, నైట్రోగ్లిజరిన్ 1879లో హృచ్ఛూలకు మందులుగా వెలుగులోకి వచ్చాయి.

నేటి వైద్యశాస్త్రం ఈ వ్యాధిని ఇలా వివరిస్తుంది. ధమని లోపలి గోడలో కొలెస్టరాల్ వంటి కొవ్వు పదార్థాలు ఏళ్ల తరబడి పేరుకొంటాయి. వాటి మీద కాల్షియం చేరి గోడ గట్టిపడుతుంది; దారి ఇరుకవుతుంది. శ్రమ చేసినప్పుడు గుండెకు ఎక్కువ రక్తం కావాలి. ఇరుకైన ధమని అంత రక్తాన్ని ఇవ్వలేనప్పుడు నొప్పి పుడుతుంది. పేరుకొన్న పొర చిట్లి అక్కడ రక్తం గడ్డకడితే దారి పూర్తిగా మూసుకుపోయి గుండె కండరం చనిపోవడం ఆరంభిస్తుంది. దానినే గుండెపోటు అంటున్నాం. పొగాకు, అధిక రక్తపోటు, మధుమేహం ఈ ప్రమాదాన్ని పెంచుతాయి. తీవ్రమైన కోపం కూడా గుండె వేగాన్ని, రక్తపోటును ఒక్కసారిగా పెంచి, అప్పటికే రక్తం చాలని గుండె మీద భారం మోపుతుంది.

ఈ చివరి విషయాన్ని హంటర్ ఎవరూ చెప్పకుండానే తన శరీరంతో తెలుసుకొన్నాడు. ఎత్తు ఎక్కినా నొప్పి వచ్చేది. మనసు ఉద్రేకపడినా వచ్చేది. తన తేనెటీగలను గురించిన ఆత్రుత కూడా ఆయనకు నొప్పి తెప్పించింది. కరుణ, జాలి వంటి భావాలకు మాత్రం అది కలిగేది కాదని గమనించాడు. తనకు కోపం తెప్పించదలచిన ఏ అల్పుని చేతిలోనైనా తన ప్రాణం ఉన్నదని మిత్రులతో చెప్పుకొనేవాడు. తెలిసినా నిగ్రహించుకోలేకపోవడమే ఆయన దౌర్బల్యం.

నొప్పులు ముదిరిన 1785వ సంవత్సరంలోనే ఆయన తన జీవితంలోకెల్లా ప్రసిద్ధమైన శస్త్రచికిత్స చేశాడు. గుర్రపు బండి నడిపే నలభై ఐదేళ్ల వ్యక్తికి మోకాటి వెనుక ధమని బుడగలా ఉబ్బి, పగలడానికి సిద్ధంగా ఉంది. అటువంటివారికి కాలు తీసివేయడమో, ఉబ్బును కోసి అక్కడే ధమనిని ముడివేయడమో చేసేవారు. ఉబ్బిన చోట ధమని గోడ చెడిపోయి ఉంటుంది గనుక ముడి నిలవక రక్తం పోయి మరణించేవారు ఎక్కువ. హంటర్ ఉబ్బును తాకలేదు. దానికి ఎంతో పైన, తొడలో, ధమని ఆరోగ్యంగా ఉన్నచోట ముడివేశాడు. పెద్ద దారి మూసివేస్తే పక్కనున్న చిన్న రక్తనాళాలు వెడల్పై కాలిని బతికిస్తాయని ఆయన నమ్మకం. అలాగే జరిగింది. ఆరు వారాలు దాటిన తరువాత రోగి తన కాళ్లతో నడిచి ఆసుపత్రి నుండి ఇంటికి వెళ్లాడు. తొడలో ఆ ధమని సాగే మార్గాన్ని వైద్య విద్యార్థులు నేటికీ హంటర్ కాలువ అనే పిలుస్తారు. రక్తనాళాల స్వభావం ఇంతగా ఎరిగినవాడు తన గుండెలోని నాళాలు పూడుకుపోతున్నాయని ఎరుగకుండానే కత్తి పట్టి నిలబడ్డాడు.

1790లో ఆయన సైన్యానికి ప్రధాన శస్త్రవైద్యాధికారి అయ్యాడు. లెస్టర్ స్క్వేర్‌లోని ఆయన ఇంటి ప్రదర్శనశాలలో మనుషుల, జంతువుల అవయవాల నమూనాలు దాదాపు పద్నాలుగు వేలు ఉండేవి. సంపాదన అంతా వాటికే ఖర్చయ్యేది. మరోవంక ఆరోగ్యం క్షీణిస్తూ వచ్చింది. 1789 చివర ఒక మిత్రుని ఇంట ఉండగా అరగంటసేపు జ్ఞాపకశక్తిని పూర్తిగా కోల్పోయాడు.

1793 అక్టోబరు 16న సెయింట్ జార్జ్ ఆసుపత్రి పాలకవర్గ సమావేశం జరిగింది. ముందుగా వైద్యశిక్షణ పొందినట్లు ఆధారం చూపనివారిని విద్యార్థులుగా చేర్చుకోరాదని ఆసుపత్రి ఒక నియమం పెట్టింది. ఆ నియమం తెలియక స్కాట్లండ్ నుండి వచ్చిన ఇద్దరు యువకులు హంటర్‌ను ఆశ్రయించారు. ఒకనాడు తానూ అలాగే, చదువు లేకుండా, అదే దేశం నుండి ఆ నగరానికి వచ్చినవాడు. వారి పక్షాన మాట్లాడతానని మాట ఇచ్చాడు. సభలో వాగ్వాదం జరుగుతుందని, అది తనకు ప్రమాదమని ఆనాటి ఉదయమే ఒకరితో అని, అయినా వెళ్లాడు. ఆయన మాట్లాడుతుండగా సహవైద్యుడొకడు అడ్డుపడి ఆయన మాటను ఖండించాడు. హంటర్ మాట ఆపివేశాడు. పొంగివచ్చిన కోపాన్ని అణచుకొంటూ పక్కగదిలోకి నడిచాడు. అక్కడ ఒక్క మూలుగు మూలిగి, దగ్గరున్న వైద్యుని చేతులలో కుప్పకూలి ప్రాణం విడిచాడు. అప్పటికి ఆయన వయసు అరవై ఐదు సంవత్సరాలు.

ఎందరి దేహాలనో పరీక్షించిన ఆ మనిషి దేహాన్ని బావమరిది, శిష్యుడు అయిన ఎవరార్డ్ హోమ్ పరీక్షించాడు. కరోనరీ ధమనులు ఎముకవలె గట్టిపడి ఉన్నాయి. గుండె కవాటాలలోనూ, మెదడుకు రక్తం తీసుకొనిపోయే ధమనులలోనూ అదే మార్పు కనిపించింది. తన అనుమానాన్ని జెన్నర్ గతంలో ఒకసారి హోమ్‌కు చెప్పి, గట్టిపడిన ధమనిని చూపినప్పుడు హోమ్ దానిని అంతగా పట్టించుకోలేదు. శవపరీక్ష ముగిసిన వెంటనే అతడు బర్క్‌లీకి లేఖ రాసి, జెన్నర్ చెప్పినదే నిజమని ఒప్పుకొన్నాడు. ఇక దాచవలసిన అవసరం తీరిపోయింది. బాత్ నగరపు వైద్యుడు కేలెబ్ ప్యారీ హృచ్ఛూల మీద రాసిన గ్రంథం 1799లో వెలువడినప్పుడు, జెన్నర్ ఈ కథనంతా వివరించిన లేఖ అందులో అచ్చయింది.