రాజనీతి విద్యార్థి కట్టమంచి

ప్లస్ టూ, పీయూసీ ఫలితాలు వెలువడగానే సరిహద్దు పల్లెల ఇళ్లలో ఏటా ఒక చర్చ సాగుతుంది. బిడ్డను ఏ చదువులో చేర్చాలన్నది ఆ చర్చ. ఇంజనీరింగుకూ వైద్యానికీ తొలి పీట వేస్తారు. సీటు దొరకకపోతే బి.ఎస్సీ., బి.కాం. వంక చూస్తారు. బి.ఏ.లో రాజనీతి శాస్త్రం తీసుకుంటానని పిల్లలెవరైనా అంటే మాత్రం, అది చదివి ఏం చేస్తావన్న ప్రశ్న పెద్దల నోట వెంటనే వస్తుంది. ఆ ప్రశ్న కొత్తది కాదు, తోసిపుచ్చదగినదీ కాదు. అప్పు చేసి చదివించే తల్లిదండ్రులకు దానిని అడిగే హక్కు ఉంది. సమాధానం వెదికేవారికి, మూడు భాషల కూడలిలో పుట్టి ఆ విద్యనే తన ప్రజాజీవితానికి పునాదిగా చేసుకున్న డాక్టర్ కట్టమంచి రామలింగారెడ్డి చరిత్ర ఉపకరిస్తుంది.

రామలింగారెడ్డి 1880 డిసెంబరు 10న చిత్తూరును ఆనుకుని ఉన్న కట్టమంచి గ్రామంలో సుబ్రహ్మణ్యరెడ్డి, నారాయణమ్మ దంపతులకు జన్మించారు. తరువాతి కాలంలో ఆ గ్రామం చిత్తూరు నగరంలో కలిసిపోయింది. ఆయన పుట్టేనాటికి చిత్తూరు జిల్లా అనేది లేదు. ఆ ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. చిత్తూరు పట్టణమే దానికి కేంద్రం. 1911లో గాని ప్రత్యేక జిల్లా ఏర్పడలేదు. ఒక వైపు తమిళం, మరొక వైపు కన్నడం, ఇంటిలో తెలుగు, కచేరీలో ఇంగ్లీషు వినవచ్చే వాతావరణంలో ఆయన పెరిగారు. వీధిబడిలో అక్షరాలు దిద్ది, చిత్తూరు ఉన్నత పాఠశాలలో మెట్రిక్యులేషన్ వరకు చదివారు. సరిహద్దు సీమల పిల్లలకు తరచు తప్పని ప్రయాణమే ఆయనకూ తప్పలేదు. పై చదువు కోసం ఊరు విడిచి మద్రాసు చేరారు.

ఆయన చేరినది మద్రాసు క్రైస్తవ కళాశాల. ఆ కళాశాల తాంబరానికి తరలినది 1937లో. అంతకు ముందు నగరం నడిబొడ్డున జార్జిటౌనులో ఉండేది. విలియం మిల్లర్ దానికి అధిపతి. ఆ రోజులలో రాజనీతి ఒక ప్రత్యేక శాఖగా విడివడలేదు. రాజ్యం, చట్టం, ప్రభుత్వ రూపాలు మొదలైన విషయాలను చరిత్రలోను, తత్త్వశాస్త్రంలోను భాగంగానే బోధించేవారు. రామలింగారెడ్డి పట్టభద్ర పరీక్షకు ఆ రెండింటినే ఎన్నుకున్నారు. ఒకటి రాజ్యాలు ఎట్లా నడిచాయో చెబుతుంది. రెండవది ఎట్లా నడవాలో ఆలోచింపజేస్తుంది. ఆ రెండింటి కలయిక నుంచే రాజనీతి విద్యార్థి తయారవుతాడు.

కళాశాలలో ఉన్నప్పుడే, విద్యార్థుల తెలుగు సాహిత్య సంఘం పెట్టిన పోటీకి ఆయన 'ముసలమ్మ మరణము' అనే కావ్యం రచించి బహుమతి పొందారు. అనంతపురం సీమలోని బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగబోయినప్పుడు ఊరి కోసం ప్రాణమిచ్చిన కోడలి కథ అది. రాజులు, దేవతలు కాక ఒక పల్లె ఇల్లాలు కావ్యనాయిక కావడం ఆ నాటికి క్రొత్త. ఊరి మేలుకు వ్యక్తి ఎంత ఇవ్వాలి, ఊరు వ్యక్తికి ఏమి బాకీపడుతుంది అన్న విచారం రాజనీతి శాస్త్రానికీ మూలమైనదే. ఇరవై ఏళ్లు నిండని విద్యార్థి దానిని తన తెలుగులో మొదట స్పృశించాడు.

1902లో పట్టభద్రులై, భారత ప్రభుత్వ విద్యార్థి వేతనం పొంది ఆయన ఇంగ్లండు వెళ్లారు. కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరి, చరిత్రలో ట్రైపోస్ అనే ఆనర్స్ పరీక్షకు చదివారు. పేరుకు అది చరిత్రే గాని, అందులో రాజనీతికి పెద్దపీట ఉండేది. పందొమ్మిదవ శతాబ్దం చివర అక్కడి ఆచార్యుడు జె. ఆర్. సీలీ, పాలనను గురించిన శాస్త్రజ్ఞానం లేని చరిత్ర నిష్ఫలమని భావించి పాఠ్యక్రమాన్ని ఆ దారికి మళ్లించారు. కనుక ఆ విద్యార్థులు ఇంగ్లండు రాజ్యాంగ చరిత్రతోపాటు, వివిధ దేశాల ప్రభుత్వాలను పోల్చి చూసే రాజనీతిని, రాజ్యాధికారానికి ఆధారమేమిటో తర్కించే రాజనీతిని వేర్వేరుగా అభ్యసించవలసి ఉండేది. హెన్రీ సిడ్జ్‌విక్ వంటి కేంబ్రిడ్జి పండితులే ఆ విషయాలపై పెద్ద గ్రంథాలు రచించారు.

అక్కడి బోధన తీరు మన కళాశాలల తీరుకు భిన్నమైనది. విద్యార్థి కొన్ని పుస్తకాలు చదివి, ఒక ప్రశ్నపై వ్యాసం వ్రాసి, అధ్యాపకుని ఎదుట కూర్చుని దానిని సమర్థించుకోవాలి. శాసనం చేసే అధికారం ఎవరిది, పాలకుడు తప్పు చేస్తే తొలగించే మార్గమేది, మంత్రులు ఎవరికి జవాబు చెప్పాలి అనేవి అందులో వచ్చే ప్రశ్నలు. కంఠస్థం చేసిన సమాధానం ఒక్క ఎదురుప్రశ్నకు కూలిపోతుంది. పరాధీన దేశం నుంచి వచ్చిన యువకునికి ఈ ప్రశ్నలు పరీక్షతో తీరేవి కావు. పార్లమెంటుకు మంత్రులు జవాబుదారీ అని ఇంగ్లండులో పాఠం. తన ఊరి కలెక్టరు ఊరివారిలో ఎవరికీ జవాబుదారీ కాడన్నది అనుభవం. ఈ రెండింటి నడుమ ఉన్న దూరమే ఆయనకు అసలైన పాఠ్యపుస్తకమైంది.

తరగతి గది బయట కేంబ్రిడ్జి యూనియన్ అనే చర్చా సంఘం ఉండేది. ఒక తీర్మానం ప్రవేశపెట్టి, అనుకూలంగా కొందరు, ప్రతికూలంగా కొందరు మాట్లాడి, చివరకు సభ్యులు వోటు వేస్తారు. ఇంగ్లండు మంత్రులు అనేకులు అక్కడ మాటలు నేర్చినవారే. రామలింగారెడ్డి ఆ సంఘానికి ఉపాధ్యక్షులుగా ఎన్నికైన తొలి భారతీయుడనే కీర్తిని పొందారు. పాలించే జాతి యువకులు పాలితుల బిడ్డకు వోటు వేసి తమ సభలో ఉన్నతాసనం ఇచ్చారు. చరిత్ర పరీక్షలో ప్రథమ శ్రేణి సాధించి ఆయన స్వదేశానికి తిరిగి వచ్చారు.

బరోడా కళాశాలలో శ్రీ అరవిందులు వదలిన స్థానంలో కొంతకాలం పనిచేసి, 1909 ప్రాంతంలో మైసూరు మహారాజా కళాశాలకు వచ్చారు. అక్కడ అధ్యాపకులై, అనంతరం అధ్యక్షులయ్యారు. మైసూరు సంస్థానం సొంత విశ్వవిద్యాలయం స్థాపించ తలపెట్టినప్పుడు, ఇతర దేశాల ఉన్నత విద్యా పద్ధతులను పరిశీలించే బాధ్యత ఆయనకు, థామస్ డెన్‌హామ్‌కు అప్పగించింది. 1916లో ఆ విశ్వవిద్యాలయం వెలసింది. స్వదేశీ సంస్థానాలలో నెలకొన్న మొదటి విశ్వవిద్యాలయం అదే. కన్నడ రాజ్యపు విద్యామందిరానికి పునాది వేసినవారిలో చిత్తూరు తెలుగువాడొకరు ఉండడం సరిహద్దు సీమలవారు గుర్తుంచుకోదగినది.

చదివిన రాజనీతికి అసలు పరీక్ష మైసూరులోనే ఎదురైంది. ఆయన సంస్థానపు విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. అప్పటికి అస్పృశ్యులుగా చూడబడిన కులాల పిల్లలకు ప్రభుత్వ పాఠశాలల గుమ్మం అందేది కాదు. ఎక్కడైనా ఉంటే వారికి వేరే బడి. పన్ను అందరి వద్ద వసూలు చేసే ప్రభుత్వం కొందరి బిడ్డలను గడప బయట నిలబెట్టడం ఏ రాజనీతికీ నిలవని మాట. 1919 ప్రాంతంలో ఆయన అధికారంలో ఉండగా ఆ ఆంక్షలు తొలగి, ప్రభుత్వ పాఠశాలలన్నీ అన్ని కులాల పిల్లలకూ తెరచుకున్నాయి. అగ్రవర్ణాల నుంచి వ్యతిరేకత వచ్చింది. కొందరు తమ పిల్లలను బడి మాన్పించారు. మహారాజా కృష్ణరాజ ఒడయరు అండ ఉండడంతో ఉత్తర్వు నిలిచింది.

1921లో ఉద్యోగం విడిచి ఆయన చిత్తూరు చేరి ప్రత్యక్ష రాజకీయాలలో ప్రవేశించారు. 1919 చట్టం ప్రకారం మద్రాసు శాసన మండలిలో ద్వంద్వ ప్రభుత్వం నడుస్తున్న కాలమది. విద్య, స్థానిక సంస్థలు వంటివి మంత్రుల చేతిలోను, ఖజానా, పోలీసు గవర్నరు కార్యవర్గం చేతిలోను ఉండేవి. రామలింగారెడ్డి మొదట జస్టిస్ పార్టీలో ఉండి, నాయకత్వంతో విభేదించి బయటకు వచ్చారు. 1923 నవంబరులో పానగల్ రాజా మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం పెట్టారు. భారతదేశంలో శాసనసభలో ఒక మంత్రివర్గంపై వచ్చిన తొలి అవిశ్వాస తీర్మానంగా దానిని చరిత్రకారులు పేర్కొంటారు. 44 వోట్లు అనుకూలంగాను, 65 వోట్లు ప్రతికూలంగాను పడి అది వీగిపోయింది. అయినా కేంబ్రిడ్జి గ్రంథాలలో చదివిన సూత్రం ఆనాడు మద్రాసు సభలో ఆచరణ అయింది. మంత్రులు సభకు జవాబు చెప్పుకోవలసినవారని, సభ ఇష్టపడితే వారిని దింపగలదని సామాన్యులకు తెలిసింది.

ఆంధ్రులకు ప్రత్యేక విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక 1926లో ఫలించింది. ఆ చట్టం తెచ్చిన విద్యామంత్రి ఏ. పి. పాత్రో బరంపురంవారు, ఆ పట్టణం తరువాత ఒడిశాలో చేరింది. తొలి ఉపాధ్యక్షులుగా రామలింగారెడ్డి ఎంపికయ్యారు. అప్పటికి బెజవాడలో ఉన్న కేంద్రం పిమ్మట విశాఖపట్టణానికి మారింది. ఇల్లు కట్టి పూర్తికాకముందే ఆయన దానిని విడువవలసి వచ్చింది. 1930లో ఉప్పు సత్యాగ్రహ కాలంలో ప్రభుత్వం సాగించిన దమననీతికి నిరసనగా ఆయన పదవికి రాజీనామా చేశారు. సత్యాగ్రహులపై లాఠీ ఎత్తే ప్రభుత్వం క్రింద పదవిలో కొనసాగడం ఆయన మనస్సుకు ఒప్పలేదు.

1931 నుంచి 1936 వరకు ఆ పదవిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉన్నారు. ఆయన పుట్టిన తిరుత్తణి అప్పటి చిత్తూరు జిల్లాలోనిదే. 1960లో అది మద్రాసు రాష్ట్రానికి బదిలీ అయింది. రాధాకృష్ణన్ కాలంలో చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి శాఖ బలపడి ఆనర్స్ చదువులు మొదలయ్యాయి. మామిడిపూడి వెంకటరంగయ్య వంటి ఆచార్యులు అక్కడ రాజనీతి బోధించారు. రామలింగారెడ్డి చదువుకునేందుకు కేంబ్రిడ్జి దాకా పోవలసి వచ్చిన విద్య, ఒక తరం గడిచేసరికి వాల్తేరులో తెలుగు బిడ్డలకు అందింది. 1936లో ఆయనే తిరిగి ఉపాధ్యక్షులై 1949 వరకు విశ్వవిద్యాలయాన్ని నడిపారు. 1942లో విశాఖపై జపాను బాంబులు పడిన తరువాత విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించి కూడా చదువు ఆగకుండా చూశారు. నేటి ఒడిశాలోని జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చి ఆ విద్యాసంస్థను ఆదుకున్నారు.

ఆయన జీవితంలో విమర్శకు తావు లేకపోలేదు. ఏ పార్టీలోనూ స్థిరంగా నిలువలేదని సమకాలికులు తప్పుపట్టారు. 1930లో నిరసనగా పదవి వదలినవారు, క్విట్ ఇండియా ఉద్యమం సాగిన 1942లోనే సర్ బిరుదు స్వీకరించడం అనేకులకు రుచించలేదు. ఆ వైరుధ్యాన్ని దాచవలసిన పని లేదు. మరొక వైపు, తాను ఇంగ్లీషులో నేర్చిన శాస్త్రాలు తెలుగులో ఉండాలని 'అర్థశాస్త్రము' రచించారు; తెలుగు విమర్శకు దారి చూపిన 'కవిత్వతత్త్వ విచారము' వెలువరించారు. వివాహం చేసుకోలేదు. 1949లో మైసూరు విశ్వవిద్యాలయం ఆయనను ప్రో-ఛాన్సలరుగా ఆహ్వానించింది. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు.

ఆయన మరణానంతరం 1956లో రాష్ట్రాల పునర్విభజనతో భారత రాజ్యాంగంలో 350-ఏ అధికరణం చేరింది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సౌకర్యం కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది చెబుతుంది. అటువంటివారి రక్షణల అమలును పరిశీలించేందుకు 350-బి అధికరణం ఒక ప్రత్యేకాధికారిని ఏర్పరచింది. బి.ఏ.లో రాజనీతి శాస్త్రం తీసుకున్నవారు భారత రాజ్యాంగాన్ని పాఠంగా చదువుతారు. ఊరి బడిలో తెలుగు తరగతి మూతపడబోయే రోజున ఆ అధికరణాన్ని ఉదహరిస్తూ ఎవరికి అర్జీ పెట్టాలో, జవాబు రాకపోతే తరువాతి మెట్టు ఏమిటో చెప్పగలిగిన బిడ్డ ఇంటిలో ఉంటే, అది చదివి ఏం చేస్తావన్న ప్రశ్న మళ్లీ వినపడదు.