జేమ్స్ ప్రెస్కాట్ జౌల్

జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ (డిసెంబరు 24, 1818 - అక్టోబరు 11, 1889) ఇంగ్లాండుకు చెందిన భౌతిక శాస్త్రవేత్త. ఉష్ణము పదార్థము కాదనీ, శక్తి రూపమనీ ప్రయోగపూర్వకంగా నిరూపించినవారిలో ప్రముఖుడు. శక్తికి ప్రమాణమైన జౌలు ఇతని పేరున ఏర్పడింది.

బాల్యము, విద్య

జౌల్ మాంచెస్టర్ సమీపమున గల సాల్‌ఫర్డ్‌లో జన్మించాడు. తండ్రి బెంజమిన్ బీరు తయారీ కర్మాగారపు యజమాని. పరమాణు సిద్ధాంతకర్త జాన్ డాల్టన్ వద్ద కొంతకాలం చదువుకున్నాడు. ఏ విశ్వవిద్యాలయంలోనూ ఆచార్య పదవి నిర్వహించలేదు. సొంత ఖర్చుతో, ఇంటి ప్రయోగశాలలోనే పరిశోధనలు చేశాడు.

పరిశోధనలు

తీగలో జనించే ఉష్ణము విద్యుత్ ప్రవాహపు వర్గానికీ, తీగ నిరోధానికీ అనులోమానుపాతంలో ఉంటుందని 1840లో కనుగొన్నాడు. దీనినే జౌల్ నియమము అంటారు. ఇస్త్రీ పెట్టె వేడెక్కేది ఈ నియమము ప్రకారమే.

ఆ రోజుల్లో ఉష్ణాన్ని కెలోరిక్ అనే ద్రవంగా భావించేవారు. ఆ ద్రవాన్ని కొత్తగా సృష్టించలేమని వారి నమ్మకం. జౌల్ ఒక రాగి పాత్రలో నీరు పోసి, అందులో తెడ్ల చక్రం అమర్చాడు. కప్పీల మీదుగా కిందికి దిగే బరువులు ఆ చక్రాన్ని తిప్పుతాయి. కింద మంట లేకపోయినా నీరు వేడెక్కింది. బరువులను 20 సార్లు దించినా ఉష్ణోగ్రత పెరిగేది సుమారు అర డిగ్రీ ఫారన్‌హీటు మాత్రమే. ఇంత స్వల్ప భేదాన్ని కొలవగలిగాడని నమ్మడమే చాలామందికి కష్టమైంది. 1844లో అతని వ్యాసాన్ని రాయల్ సొసైటీ తిరస్కరించింది. 1847లో ఆక్స్‌ఫర్డ్ సభలో క్లుప్తంగా ముగించమన్నారు. అక్కడ ఉన్న యువ శాస్త్రవేత్త విలియం థామ్సన్ (తరువాత లార్డ్ కెల్విన్) ఆసక్తి చూపడంతో పరిస్థితి మారింది. జర్మనీకి చెందిన మేయర్ 1842లోనే ఇదే భావన ప్రకటించాడు. అతని పేరు మన పాఠ్యపుస్తకాలలో అరుదుగా కనిపించడం న్యాయం కాదు.

ఒక పౌను నీటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ ఫారన్‌హీటు పెరగాలంటే, అదే నీరు 772 అడుగుల ఎత్తు నుండి పడినప్పుడు లభించే శక్తి కావాలని 1850లో తేల్చాడు. ఇదే ఉష్ణ యాంత్రిక తుల్యాంకము. ఉష్ణానికీ ఉష్ణోగ్రతకూ గల భేదం కూడా ఇక్కడే తెలుస్తుంది: అదే శక్తిని రెండు పౌన్ల నీటికి ఇస్తే ఉష్ణము అంతే, ఉష్ణోగ్రత పెరుగుదల మాత్రం సగమే.

జలపాతము

1847లో వివాహానంతరం ఆల్ప్స్ పర్వతాలకు వెళ్ళినపుడు, థామ్సన్‌తో కలిసి ఒక జలపాతం పైనా కిందా ఉష్ణోగ్రతలు కొలవబోయాడు. నీరు తుంపరలై చెదరడంతో సాధ్యపడలేదు. నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలోని మల్లెల తీర్థం ఎత్తు సుమారు 150 అడుగులని చెబుతారు. జౌల్ లెక్కన అక్కడి నీరు వేడెక్కేది డిగ్రీ సెల్సియస్‌లో పదో వంతు మాత్రమే. స్నానం చేసేవారికి అది తెలియదు!

గద్వాల, వనపర్తి జిల్లాల సరిహద్దున కృష్ణానదిపై ఉన్న జూరాలలో, పడే నీటి శక్తిలో అధికభాగం ఉష్ణంగా మారకముందే టర్బైన్లు గ్రహిస్తాయి. అక్కడి 39 మెగావాట్ల యూనిట్ ఒకటి పూర్తి సామర్థ్యంతో నడిస్తే సెకనుకు 3.9 కోట్ల జౌళ్ళ విద్యుచ్ఛక్తి వెలువడుతుంది. అలాంటివి 6 ఉన్నాయి. ఆ విద్యుత్తు వనపర్తిలో ఒక ఇంటి హీటరులో మళ్ళీ ఉష్ణమవుతుంది.

చివరి దశ

1850లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1870లో కాప్లీ పతకం లభించాయి. భార్య అమీలియా 1854లోనే మరణించింది. జౌల్ సేల్ పట్టణంలో మరణించాడు. అతని సమాధిపై 772.55 అనే సంఖ్య చెక్కబడి ఉంది.